బుడగ మధ్యలో లేదు

నలభై ఏళ్లు గనిలో పైపులు అతికాను.
తిన్నగా ఉంచినందుకే నా జీతం.
లెవెల్ గొట్టంలో పచ్చ బుడగ
రెండు గీతల మధ్య నిలబడితేనే
ఆ పూటకి ఇంటికి కదిలేవాణ్ణి.

పక్కింటి తీరాకి పదమూడేళ్లు.
నవంబరులో ఓ శనివారం తలుపు కొట్టి
లెక్కల పుస్తకంలోంచి చింపిన కాగితం చేతిలో పెట్టింది.
కాగితం నిండా ఒకే ఒక్క గీత,
కోసిన పుచ్చకాయ ముక్క అంచులాంటిది.
"స్కీలు అడ్డంగా పెట్టి దీనిమీద జారాలి, ఐవార్.
తిన్నటి కమ్మీ మీద ఎవరైనా జారతారు."

పైపు ఎక్కడిదంటే,
గని కిందికి జరుగుతోందని ఖాళీ చేయించిన వీధిలో
పడగొట్టిన ఈతకొలను మెట్ల కమ్మీ.
ఆరు మీటర్లు. ఆకుపచ్చ రంగు.
తడి చేతులు పట్టి పట్టి అరిగిన చోట
రంగు పోయి మెరుపు మిగిలింది.
ఆ చేతుల్లో నావీ ఉండే ఉంటాయి, ఏడేళ్లప్పటివి.
ఆ సంగతి నేను చెప్పలేదు.

మొదటిసారి తొందరపడ్డాం.
రెండు బిర్చ్ చెట్ల మధ్య ఇరికించి
కారు జాకీతో నెట్టాం, కాల్చకుండానే.
వంగలేదు. మడత పడింది,
జ్యూస్ డబ్బాలో స్ట్రాలాగా.
తీరా ఏడవలేదు. ఒక తిట్టు తిట్టింది.
వాళ్లమ్మ కిటికీ తెరిచి
నావైపు చూసింది.

మడత ఉన్నంత మేరా కోసేసి
రెండు ముక్కల్నీ మళ్లీ అతికాను.

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
ఇనుముకి ఆ సామెత తెలీదు,
ఓపిగ్గా కాలిస్తే ఏ వయసులోనైనా వంగుతుంది.
కడుపులో ఇసుక ఉండాలి, అంతే.
అదీ ఎండిన ఇసుక.
చెమ్మ చుక్క మిగిలినా ఆవిరై
బిరడాని తుపాకి గుండులా తన్నేస్తుంది.
అందుకని వాళ్లమ్మ ఓవెన్‌లో మూడు ట్రేల ఇసుక వేయించాం.
(ఆదివారం రొట్టె పళ్ల కింద కరకరలాడిందట.)
పైపు పొడుగునా తీరా చెక్కసుత్తితో తట్టింది,
బోలు చప్పుడు నిండు చప్పుడయ్యేదాకా.

మంచులో మేకు పాతి, మేకుకి తాడు కట్టి,
తాడు చివర పార పట్టుకుని
తను గుండ్రంగా నడిచింది. అదే మా కొలత.
ఆ గీత వెంట గూటాలు దిగ్గొట్టాం.
పైపు దానిమ్మ గింజ రంగుకి వచ్చినప్పుడల్లా
నేను "ఇప్పుడు" అనేవాణ్ణి,
తను ఒళ్లంతా వేసి వాలేది.
జానెడు జానెడుగా, సాయంత్రం దాకా.

కాళ్లు నాలుగు. అడుగున అడ్డపట్టీలు.
అంతా అయ్యాక అలవాటు చావక
లెవెల్ గొట్టం పెట్టి చూశాను.
బుడగ పరుగెత్తి పై చివర దాక్కుంది.
దాన్ని అక్కడే ఉండనిచ్చాను.

డిసెంబరు. మధ్యాహ్నం ఒంటిగంటకే నీలి చీకటి.
షెడ్డు కప్పు మీంచి దీపం వేలాడదీసి
తీరా దూకింది, ఎక్కింది, పడింది.
మళ్లీ పడింది.
పదకొండుసార్లు, ఒకటే చోట.
"నా మోకాళ్లు తిరగట్లేదు," అంది
తుంటి రుద్దుకుంటూ.
నేను తలూపాను. తలూపినందుకు
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సున్నాకి కింద ఇరవై రెండు డిగ్రీలు.
గ్లవ్ తీసి వేలితో తడిమాను.
అతుకు దగ్గర బియ్యపుగింజంత బొడిపె.
నా అతుకు. నలభై ఏళ్ల చెయ్యి.
ఆకురాయి తెచ్చి
ఊరు లేవకుండా మెల్లగా రాశాను,
వేలు దాటిపోయిందని వేలికే తెలియనంతవరకు.

తెల్లారాక మంచు మీద నల్లటి రజను.
తీరా దాన్ని చూసింది, నన్ను చూసింది,
ఏమీ అనకుండా షెడ్డెక్కింది.

ఈసారి చప్పుడు మారింది.
గీరుడు కాదు, పొడుగాటి ఒక్క ఈల,
వంపుతోపాటు తనూ తిరిగి
చివర్న వెల్లకిలా పడి, లేచింది,
స్కీ అడుగున పచ్చటి చార.

"వచ్చే ఏడు రెండోవైపుకీ ఒక వంపు, పాములాగా."
పైపు అయిపోయిందమ్మా, అన్నాను.

నా ఇంటి గుమ్మం మెట్లవైపు,
వాటి పక్కన తిన్నగా నిలబడ్డ కమ్మీవైపు
తీరా చాలాసేపు చూసింది.